మీ ఊరి ఫుడ్ ప్యాంట్రీకి అండగా నిలవడం ఎలా? అమెరికాలోని తెలుగు కుటుంబాల కోసం

అమెరికాలో మనవాళ్లు ఎక్కువగా ఉండే ఊళ్లలో ఇంటికి కాస్త దూరంలో ఎక్కడో ఒక ఫుడ్ ప్యాంట్రీ ఉంటుంది. చర్చి వెనక గదిలోనో, మూతపడిన పాత దుకాణంలోనో నడుస్తూ ఉంటుంది. పెద్ద బోర్డు ఉండదు కాబట్టి ఏళ్ల తరబడి ఆ దారినే ఆఫీసుకు వెళ్తున్నా కంటపడకపోవచ్చు. వారంలో ఒకటి రెండు రోజులు మాత్రం దాని ముందు కార్లు బారులు తీరతాయి. ఉద్యోగం పోయినవాళ్లు, రెండు ఉద్యోగాలు చేసినా అద్దె కట్టాక చేతిలో ఏమీ మిగలనివాళ్లు, సోషల్ సెక్యూరిటీ మీద బతికే పెద్దవాళ్లు, చంటిపిల్లలున్న తల్లులు వచ్చి కొన్ని రోజులకు సరిపడా సరుకులు పట్టుకెళ్తారు.

మన సంఘాలు, గుళ్లు ఏడాదికోసారి ఫుడ్ డ్రైవ్ పెట్టి అందరి దగ్గరా సరుకులు పోగేస్తూనే ఉన్నాయి. అన్నదానం మనకు ఎవరో నేర్పాల్సిన విషయం కాదు. కోనసీమలో లంకల గన్నవరానికి ఏ వేళ వెళ్లినా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి పేరు ఇప్పటికీ తలుచుకునే జాతి మనది. అయితే ప్యాంట్రీ నడిచే తీరు వేరు. అక్కడ వండి వడ్డించరు, సరుకులు ఇచ్చి పంపుతారు. వాటిని తెచ్చుకోవడానికి, నిల్వ పెట్టడానికి, పంచడానికి నియమాలుంటాయి. మనం ఇవ్వాలనుకున్నదానికీ, ఆ వారం వాళ్ల అరల్లో లేనిదానికీ పొంతన కుదిరితేనే మన దానం ఒకరి వంటింటి దాకా వెళ్తుంది. అది కుదరాలంటే ఏం చేయాలో వరసగా చెప్తాను.

ముందు ఫుడ్ బ్యాంకుకూ ప్యాంట్రీకీ తేడా తెలుసుకోండి

ఫుడ్ బ్యాంకు అంటే పెద్ద గోదాము. ప్యాంట్రీ అంటే జనం నేరుగా వచ్చి సరుకులు తీసుకునే చోటు. 1967లో అరిజోనాలోని ఫీనిక్స్‌లో జాన్ వాన్ హెంగెల్ అనే ఆయన సెయింట్ మేరీస్ ఫుడ్ బ్యాంకు మొదలుపెట్టారు. అలాంటివాటిలో మొదటిది అదే. కిరాణా దుకాణాలు పారేసిన తిండితో పిల్లల్ని సాకుతున్న ఒక తల్లి, ఇలా వృథాగా పోయేదాన్ని బ్యాంకులో డబ్బులా దాచే చోటు ఉంటే బాగుండునని ఆయనతో అన్నదట. ఇప్పుడు ఫీడింగ్ అమెరికా అనే నెట్‌వర్క్ కింద దాదాపు 200 ఫుడ్ బ్యాంకులున్నాయి. వాటి నుంచి సరుకు తెచ్చుకునే ప్యాంట్రీలు, భోజన కేంద్రాలు 60 వేల దాకా ఉంటాయి. డాలస్ వైపు నార్త్ టెక్సస్ ఫుడ్ బ్యాంకు, హ్యూస్టన్‌లో హ్యూస్టన్ ఫుడ్ బ్యాంకు, హిల్‌సైడ్ కేంద్రంగా కమ్యూనిటీ ఫుడ్‌బ్యాంక్ ఆఫ్ న్యూజెర్సీ, బే ఏరియాలో సెకండ్ హార్వెస్ట్ ఆఫ్ సిలికాన్ వ్యాలీ, ఇవన్నీ ఆ నెట్‌వర్క్‌లోవే.

పెద్ద ఫుడ్ బ్యాంకులకు కార్పొరేట్ కంపెనీలు, సూపర్ మార్కెట్ చెయిన్లు, ప్రభుత్వం తరఫున వచ్చే సరుకులు కొంత అండగా ఉంటాయి. మీ వీధి చివర ప్యాంట్రీని మాత్రం చాలాచోట్ల రిటైరైనవాళ్లు కొందరు కలిసి, జీతం లేకుండా నడుపుతుంటారు. ఎక్కడ మొదలుపెట్టాలని నన్ను అడిగితే, ఇంటికి దగ్గరలో ఉన్న చిన్న ప్యాంట్రీతో మొదలుపెట్టమంటాను. మీ కుటుంబం ఇచ్చేది అక్కడ కంటికి కనిపిస్తుంది, మీరు రాకపోయినా తెలుస్తుంది.

ప్యాంట్రీని వెతికి, ఖాళీ చేతులతో వెళ్లండి

211కి ఫోన్ చేసి జిప్ కోడ్ చెబితే దగ్గరలోని ప్యాంట్రీల వివరాలు చెప్తారు. సాయం కావలసినవాళ్ల కోసం పెట్టిన నంబరే అయినా, ఇవ్వాలనుకునేవాళ్లకూ పనికొస్తుంది. ఫీడింగ్ అమెరికా వెబ్‌సైట్‌లో జిప్ కోడ్ కొడితే మీ ప్రాంతపు ఫుడ్ బ్యాంకు పేరు వస్తుంది, ఆ ఫుడ్ బ్యాంకు సైట్‌లో దాని కింద నడిచే ప్యాంట్రీల జాబితా ఉంటుంది. ప్యాంట్రీ 501(సి)(3) సంస్థ, అంటే పన్ను మినహాయింపు ఉన్న ధార్మిక సంస్థ అవునో కాదో ఐఆర్‌ఎస్ సైట్‌లో పేరు కొట్టి చూసుకోవచ్చు. కొన్ని ప్యాంట్రీలకు సొంత రిజిస్ట్రేషన్ ఉండదు, అవి ఏదో చర్చి పేరు మీద నడుస్తాయి. అప్పుడు చర్చి పేరుతో వెతకాలి.

మొదటిసారి వెళ్లేటప్పుడు కారు నిండా సరుకులు నింపుకుని వెళ్లకండి. ముందు ఫోన్ చేసి, సరుకులు పంచే రోజు కాకుండా వేరే రోజు పదిహేను నిమిషాలు టైమ్ అడగండి. పంచే రోజున వాళ్లకు ఊపిరి సలపదు. వెళ్లాక చూడాల్సినవి, అడగాల్సినవి కొన్ని ఉన్నాయి. ఏ సరుకు ముందు అయిపోతుంది? ఏది ఎప్పుడూ మిగిలిపోతుంది? ఫ్రిజ్, ఫ్రీజర్ ఉన్నాయా, వాటిలో చోటుందా? దానాలు ఏ రోజు, ఏ వేళలో తీసుకుంటారు? సరుకులు తీసుకునేవాళ్లు ఎంతమంది, ఏ దేశాల నుంచి వచ్చినవాళ్లు, ఏం వండుకుంటారు? డబ్బా తిండి తప్ప వేరే ఏదైనా తక్కువ పడుతోందా?

ఈ చివరి ప్రశ్న మర్చిపోకండి. ప్రభుత్వమిచ్చే స్నాప్ కార్డుతో తిండి పదార్థాలు కొనుక్కోవచ్చు కానీ సబ్బు, టూత్‌పేస్టు, డైపర్లు, శానిటరీ ప్యాడ్లు కొనడానికి వీల్లేదు. ఫుడ్ డ్రైవ్ పెట్టేవాళ్లు పేరులో ఫుడ్ ఉందని తిండి సామాను ఒక్కటే పోగేస్తారు. తల్లులు మాత్రం ముందు డైపర్లు ఉన్నాయా అని అడుగుతారు. మీ పాపకు సైజు మారి సగం ప్యాకెట్ మిగిలిపోతే, తీసుకుంటారేమో అడిగి చూడండి. విప్పిన డైపర్ల ప్యాకెట్లు కొన్ని ప్యాంట్రీలు తీసుకుంటాయి.

డబ్బు ఇవ్వాలా, సరుకులు ఇవ్వాలా?

రెండూ కావాలి. అయితే డబ్బుకు బలం ఎక్కువ. మీరు దుకాణంలో డాలరు పెట్టి ఒక బీన్స్ డబ్బా కొంటారు. ప్యాంట్రీ అయితే ఫుడ్ బ్యాంకు నుంచి సరుకు ఉచితంగానో, పౌండుకు కొన్ని సెంట్ల నిర్వహణ రుసుముతోనో తెచ్చుకుంటుంది, లేదా హోల్‌సేల్‌లో కొంటుంది. ఒక డాలరుతో కనీసం 10 భోజనాలకు సరిపడా తిండి అందించడానికి తోడ్పడగలమని ఫీడింగ్ అమెరికా చెప్తుంది. పైగా ఫ్రీజర్‌కు కరెంటు బిల్లు, వ్యానుకు పెట్రోలు, గదికి ఇన్సూరెన్సు ఇవేవీ పప్పు డబ్బాలతో కట్టేవి కావు.

మనవాళ్లు డబ్బు ఇవ్వడానికి వెనకాడే కారణం నాకు అర్థమవుతుంది. చెక్కు రాసి పంపితే సేవ చేసినట్టు అనిపించదు, పిల్లలకు చూపించడానికీ ఏమీ ఉండదు. అందుకని ఒక పని చేయండి. నెలకు ఇంత అని ఒక చిన్న మొత్తం ఆటోమేటిగ్గా వెళ్లేలా పెట్టేయండి. సరుకులు కొనడం, మోయడం పిల్లలతో కలిసి వేరేగా చేయండి. నెలనెలా ఇరవై డాలర్లు వస్తాయని తెలిస్తే ప్యాంట్రీ నడిపేవాళ్లు దాన్ని లెక్కలో పెట్టుకుని పాలు, గుడ్లు ఆర్డర్ చేసుకోగలరు. డిసెంబరులో ఒక్కసారి వచ్చే రెండు వందల నలభైతో అలా ప్లాన్ చేసుకోవడం కష్టం.

ఇక మన చేతిలోనే ఉండి మనం వాడుకోని ఒక దారి ఉంది, అది కంపెనీ మ్యాచింగ్. ఐటీ, బ్యాంకింగ్, ఫార్మా కంపెనీల్లో చాలావాటిలో ఉద్యోగి ఇచ్చిన దానానికి సమానంగా కంపెనీ కూడా ఇస్తుంది. కొన్ని కంపెనీలు మీరు వాలంటీర్‌గా పనిచేసిన గంటలకు కూడా ఆ సంస్థకు డబ్బు పంపుతాయి. హెచ్‌ఆర్ పోర్టల్‌లో ఒకసారి చూడండి. చిక్కు ఎక్కడంటే, బెనివిటీ లాంటి మ్యాచింగ్ ప్లాట్‌ఫామ్‌లలో చిన్న ప్యాంట్రీలు తమ వివరాలు పూర్తిచేసి పెట్టుకోకపోవచ్చు. ఆ ఫారాలు నింపడం, బ్యాంకు వివరాలు సరిచూడడం డెబ్బై ఏళ్ల కోఆర్డినేటర్‌కు పెద్ద టెన్షన్. మీకు ఒక సాయంత్రం పని. వాళ్ల పక్కన కూర్చుని అది పూర్తిచేసి పెడితే, మీ ఆఫీసులోని వాళ్లందరి డబ్బుకూ దారి తెరుచుకుంటుంది. కాంట్రాక్టు మీద పనిచేసేవాళ్లకు క్లయింట్ కంపెనీ మ్యాచింగ్ వర్తించకపోవచ్చు, అది ముందే కనుక్కోండి.

పన్ను సంగతి క్లుప్తంగా. ఒకేసారి 250 డాలర్లు, అంతకు మించి ఇస్తే సంస్థ నుంచి రాతపూర్వకమైన రసీదు ఉండాలి. 2026 పన్ను సంవత్సరం నుంచి దానాలను విడివిడిగా చూపించకుండా స్టాండర్డ్ డిడక్షన్ తీసుకునేవాళ్లు కూడా నగదు దానాల మీద కొంత తగ్గింపు చూపించుకోవచ్చు. ఒక్కరైతే 1,000 డాలర్ల వరకు, భార్యాభర్తలు కలిసి ఫైల్ చేస్తే 2,000 వరకు. సరుకులుగా ఇచ్చినదానికి ఇది వర్తించదు.

సరుకులు ఇస్తే ఏవి ఇవ్వాలి

మన ఇంటి అలవాటు ప్రకారం దానమంటే బియ్యం, పప్పు. రెండూ మంచివే, ప్యాంట్రీల్లో బియ్యానికి గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. కానీ 20 పౌండ్ల సోనామసూరి బస్తా కొని, ఇంట్లో జిప్‌లాక్ కవర్లలో పోసి తీసుకెళ్తే చాలాచోట్ల తీసుకోరు. ఫ్యాక్టరీ సీలు, పదార్థాల వివరం, తేదీ ఉన్న ప్యాకెట్ అయితేనే తీసుకుంటారు. ఎవరికైనా ఎలర్జీ వస్తే బాధ్యత వాళ్లది కదా. కాబట్టి రెండు పౌండ్ల ప్యాకెట్లు కొనండి. ధర కాస్త ఎక్కువ పడుతుంది, కానీ అది అలాగే ఒక ఇంటికి వెళ్లిపోతుంది. గుడిలో పోగైన విడి బియ్యం, కొబ్బరికాయలు, విడి ఖర్జూరాలు కూడా ఇదే కారణంతో పనికిరావు. వాటిని గుడి వంటశాలలోనే వాడుకోనివ్వండి.

పప్పుల విషయంలో అడిగి కొనండి. కందిపప్పు, మినపప్పు ఎలా వండాలో తెలియనివాళ్ల చేతిలో పెడితే అది అరలోనే ఉండిపోతుంది. ఎర్ర కందిపప్పు (మసూర్ పప్పు), శనగలు, రాజ్మా, బొబ్బర్లు చాలామందికి తెలిసినవి. మెక్సికో నుంచి వచ్చినవాళ్లు, ఆఫ్రికా నుంచి వచ్చినవాళ్లు, అమెరికా దక్షిణాదివాళ్లు కూడా వండుకుంటారు. మీ ప్యాంట్రీకి నేపాల్, బంగ్లాదేశ్, ఆఫ్ఘనిస్తాన్ కుటుంబాలు వస్తుంటే మాత్రం కథ మారుతుంది. పసుపు, జీలకర్ర, గోధుమపిండి, టీ పొడి చూసి వాళ్ల ముఖాలు వికసిస్తాయి. అలాంటి సరుకు ఫుడ్ బ్యాంకు గోదాములో అరుదు. ఇక్కడే తెలుగువాళ్లుగా మనం ఇంకెవరూ ఇవ్వలేనిది ఇవ్వగలం. మాంసం తినని కుటుంబాలకు ట్యూనా, చికెన్ డబ్బాల బదులు ఏమిస్తే బాగుంటుందో కూడా మనమే చెప్పగలం.

మిగతావాటిలో పీనట్ బటర్, ఉప్పు తక్కువున్న కూరగాయల డబ్బాలు, చక్కెర పాకం లేని పండ్ల డబ్బాలు, ఓట్స్, వంటనూనె, నిల్వ ఉండే పాలు ఎప్పుడూ పనికొస్తాయి. మధుమేహం, బీపీ ఉన్నవాళ్లు ప్యాంట్రీకి చాలామంది వస్తారు. మనింట్లోవాళ్లకు లేబుల్ చూసి కొన్నట్టే వాళ్లకూ చూసి కొనండి. ఇల్లు లేక కారులో పడుకునేవాళ్లకు ఓపెనర్ ఉండదు, పొయ్యి ఉండదు. వాళ్ల కోసం చేత్తో లాగితే మూత వచ్చే డబ్బాలు కొన్ని చేర్చండి. గాజు సీసాలు తేవద్దు. ఒకటి పగిలితే పెట్టె మొత్తం పారేయాల్సి వస్తుంది.

గడువు తేదీ గురించి రెండు మాటలు. చాలా డబ్బాల మీద ఉండే 'బెస్ట్ బై' తేదీ రుచి, నాణ్యతకు సంబంధించింది, దాటిన మర్నాడే అది విషమైపోదు. కొన్ని ప్యాంట్రీలు తేదీ దాటిన డబ్బాలు కొంతకాలం వరకు తీసుకుంటాయి, కొన్ని తీసుకోవు. పిల్లల పాలపొడి సంగతి పూర్తిగా వేరు. ఇన్‌ఫాంట్ ఫార్ములా తేదీ దాటితే ఎట్టి పరిస్థితిలోనూ ఇవ్వకూడదు. ప్యాంట్రీ నియమం ఏదైనా, మీరు కొత్తది కొని ఇస్తేనే మర్యాద అని నా అభిప్రాయం. మనం తినడానికి ఇష్టపడనిది ఇంకొకరి పిల్లల ముందు పెట్టకూడదు.

ఇంట్లో వండినది తీసుకోరు. పులిహోర ఎంత బాగా చేసినా సరే, దాన్ని ప్యాంట్రీకి తీసుకెళ్లకండి. పెరట్లో కాసిన కూరగాయల్ని మాత్రం చాలాచోట్ల సంతోషంగా తీసుకుంటారు. జులై, ఆగస్టుల్లో మన పెరళ్లలో సొరకాయలు, బీరకాయలు, టమాటాలు ఎవరికి పంచాలో తెలియనంతగా కాస్తాయి కదా! ఇలా పండించేవాళ్లనూ దగ్గరలోని ప్యాంట్రీలనూ కలపడానికే యాంపుల్ హార్వెస్ట్ అనే సంస్థ పనిచేస్తోంది. పంచే రోజు పొద్దున కోసి, మట్టి దులిపి ఇవ్వండి. సొరకాయ పక్కన రెండు లైన్లలో ఎలా వండాలో ఇంగ్లీషులో, స్పానిష్‌లో రాసి పెడితే తీసుకెళ్లేవాళ్లు పెరుగుతారు.

ఫుడ్ డ్రైవ్ పెట్టాలంటే

అన్ని సరుకులూ తెమ్మని చెప్పకండి. ప్యాంట్రీ చెప్పిన జాబితాలోంచి మూడో నాలుగో వస్తువులే ఎంచి, ఒక్కో గుంపుకు ఒక్కోటి అప్పగించండి. తెలుగు బడిలో ఒకటో తరగతివాళ్లు ఓట్స్, రెండో తరగతివాళ్లు పీనట్ బటర్, పెద్ద తరగతులవాళ్లు సబ్బులు, టూత్‌పేస్టులు. ఇలా చేస్తే వచ్చిన సరుకు వేరుచేసే పని సగం తగ్గిపోతుంది. కలగలుపుగా వచ్చిన పెట్టెలను విప్పి, తేదీలు చూసి, అరల్లో సర్దడానికి ప్యాంట్రీవాళ్ల సమయం ఎంత పోతుందో ఒకసారి అక్కడ నిలబడి చూస్తే తెలుస్తుంది.

పెట్టెలు మరీ పెద్దవి వద్దు. డబ్బాలతో నిండిన పెద్ద అట్టపెట్టె ఎవరూ ఎత్తలేరు. అరటిపండ్ల పెట్టెలు సరిగ్గా సరిపోతాయి, కిరాణా దుకాణంలో అడిగితే ఇస్తారు. సరుకు ఎప్పుడు తీసుకొస్తున్నారో, ఎన్ని పెట్టెలో ముందే ఫోన్ చేసి చెప్పండి, దింపడానికి మనుషుల్ని మీరే తీసుకెళ్లండి. మొత్తం ఎన్ని పౌండ్లో తూకం వేయించి రాసుకోండి. సాధారణంగా 1.2 పౌండ్లను ఒక భోజనం కింద లెక్కేస్తారు. ఇచ్చినవాళ్లందరికీ ఆ లెక్క వాట్సాప్‌లో పంపితే మళ్లీ అడిగినప్పుడు ఉత్సాహంగా ముందుకొస్తారు.

నవంబరు, డిసెంబరు నెలల్లో అందరూ ఇస్తారు. థ్యాంక్స్‌గివింగ్, క్రిస్మస్ ముందు ప్యాంట్రీల్లో పెట్టెలు పెట్టడానికి చోటుండదు, వాలంటీర్లు కూడా అవసరానికి మించి వస్తారు. జనవరి రాగానే ఆ హడావుడంతా ఆగిపోతుంది. అదే సమయంలో మనకు సంక్రాంతి! పంట ఇంటికొచ్చిన సంతోషంలో పదిమందికీ పెట్టే పండగ సరిగ్గా అరలు ఖాళీ అయ్యే నెలలో రావడం మనకు దొరికిన గొప్ప అవకాశం. మీ సంఘం సంక్రాంతి సంబరాలకు టికెట్‌తో పాటు రెండు బియ్యం ప్యాకెట్లు తెమ్మనండి. ఉగాది వేడుకలకు మళ్లీ ఒకసారి. బడులకు సెలవులిచ్చాక పిల్లలకు స్కూల్లో దొరికే మధ్యాహ్న భోజనం ఆగిపోతుంది, జూన్ నుంచి ఆగస్టు దాకా ఇళ్లలో ఖర్చు పెరుగుతుంది. ఆ నెలల్లో సీరియల్, గ్రానోలా బార్లు, పిల్లలు సొంతంగా చేసుకుని తినగలిగేవి ఇవ్వండి. మే నెల రెండో శనివారం తపాలా ఉద్యోగుల సంఘం దేశమంతటా స్టాంప్ అవుట్ హంగర్ పేరుతో సరుకులు సేకరిస్తుంది. 1993 నుంచి జరుగుతోంది. ఆ రోజు మెయిల్‌బాక్స్ దగ్గర సంచి పెడితే చాలు, పోస్ట్‌మ్యానే తీసుకెళ్తాడు. సెప్టెంబరును హంగర్ యాక్షన్ నెలగా పాటిస్తారు, వినాయక చవితి ఆ చుట్టుపక్కలే వస్తుంది.

అనుకోని కష్టాలకు క్యాలెండర్ ఉండదు. 2025 అక్టోబరులో ప్రభుత్వ కార్యాలయాలు మూతపడి, నవంబరులో స్నాప్ డబ్బు ఆలస్యమైనప్పుడు ప్యాంట్రీల ముందు వరసలు ఒక్కసారిగా పెరిగాయి. అలాంటప్పుడు ఎవరికి ఫోన్ చేయాలో కోఆర్డినేటర్ దగ్గర ఒక పేరుండాలి. మీ సంఘం నుంచి ఒకరు ఆ బాధ్యత తీసుకుని నంబరు ఇచ్చి రండి.

చేతులు కలపాల్సినవాళ్లు

మొదట మీ ఊరి ఇండియన్ గ్రాసరీ. యజమాని దగ్గరకు వెళ్లి ఉత్తినే సాయం చేయమని అడగకండి. ఏం కావాలో తేల్చి చెప్పండి. 'బిల్లింగ్ కౌంటర్ పక్కన ఒక పెట్టె పెట్టుకోనివ్వండి, రెండు పౌండ్ల శనగలు, బియ్యం ప్యాకెట్లను ఆ పెట్టె కోసం కొనేవాళ్లకు కొంచెం తగ్గించి ఇవ్వండి, గడువు దగ్గరపడ్డ సరుకును పారేయకుండా నెలకోసారి మాకివ్వండి' అని. మూడూ వాళ్లు చేయగలిగినవే. పెట్టె నిండగానే తీసుకెళ్లే మనిషి మాత్రం ఖాయంగా ఉండాలి. రెండు వారాలు నిండిన పెట్టె అలాగే ఉంటే యజమాని మళ్లీ ఒప్పుకోడు.

దుకాణాలవాళ్లు, రెస్టారెంట్లవాళ్లు భయపడేది, తిన్నవాళ్లకు ఏమైనా అయితే కేసు మీద పడుతుందేమోనని. దీనికి 1996లోనే చట్టం వచ్చింది. మిస్సోరీ నుంచి కాంగ్రెస్ సభ్యుడిగా ఉన్న బిల్ ఎమర్సన్ పేరు మీద చేసిన గుడ్ సమారిటన్ ఆహార దాన చట్టం అది. మంచి మనసుతో, తినడానికి యోగ్యమని నమ్మి లాభాపేక్ష లేని సంస్థకు ఇచ్చినవాళ్లకు, ఘోరమైన నిర్లక్ష్యమో కావాలని చేసిన తప్పో లేనంత వరకు, ఆ చట్టం రక్షణ ఇస్తుంది. 2023 జనవరిలో దాన్ని ఇంకా విస్తరించారు. ఈ విషయం ఒక పేజీలో ప్రింట్ తీసి తీసుకెళ్తే సంభాషణ సులువవుతుంది.

రెస్టారెంట్లలో, ఫంక్షన్ హాళ్లలో మిగిలే వంటకాలకు ప్యాంట్రీ సరైన చోటు కాకపోవచ్చు. షెల్టర్లు, భోజన కేంద్రాలు, మిగిలిన తిండిని చేరవేసే ఫుడ్ రెస్క్యూ సంస్థలు ఉంటాయి, వాళ్లను కనుక్కోండి. లైసెన్సున్న వంటశాలలో వండి, ఇంకా వడ్డనకు పెట్టని ట్రేలే పనికొస్తాయి. వేడి పదార్థం 135 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గకుండా, చల్లనిది 41 దాటకుండా ఉండాలి. పెళ్లికో పుట్టినరోజుకో కేటరింగ్ మాట్లాడేటప్పుడే మిగిలితే ఎవరికి పంపాలో అనుకోండి. రాత్రి పదకొండుకు ట్రేలు పట్టుకుని ఫోన్లు చేస్తే ఎవరూ దొరకరు.

గుడికి, చర్చికి మధ్య సంకోచాలుంటాయి. ప్యాంట్రీ చర్చిలో నడుస్తోంది కదా అని మనవాళ్లలో కొందరు వెనక్కి తగ్గుతారు. సరుకులు తీసుకోవడానికి ప్రార్థనలో కూర్చోవాలనే షరతు ఉందో లేదో అడిగి తెలుసుకోండి. ప్రభుత్వ సరుకులు పంచే ప్యాంట్రీలు అలాంటి షరతు పెట్టకూడదు. ఆకలి తీర్చే చోట అవతలివాళ్ల దేవుడు ఎవరన్నది నా దృష్టిలో అడ్డంకి కాదు. గుడి కమిటీ, చర్చి కమిటీ కలిసి ఒక శనివారం సరుకులు సర్దితే ఊళ్లో చాలా అపోహలు వాటంతటవే కరిగిపోతాయి.

సమయం ఇవ్వాలనుకుంటే

అందరూ శనివారమే వస్తామంటారు. ప్యాంట్రీలకు మనుషులు దొరకనిది మంగళవారం పొద్దున, గురువారం మధ్యాహ్నం. ఇంటి నుంచి పనిచేసేవాళ్లు, ఉద్యోగం చేయని గృహిణులు ఆ వేళల్లో రెండు గంటలు ఇవ్వగలిగితే బంగారం. చిన్నపిల్లలతో వెళ్లేముందు వయసు నియమం అడగండి, చాలాచోట్ల ఒక వయసు దాటాకే రానిస్తారు. కారు నడపలేని పెద్దవాళ్ల ఇంటికి సరుకులు చేర్చే డ్రైవర్లు కూడా ఎప్పుడూ తక్కువే.

హెచ్-4 మీద ఉండి పని అనుమతి లేనివాళ్లు, ఎఫ్-1 విద్యార్థులు కూడా మామూలుగా జీతం లేకుండా జరిగే స్వచ్ఛంద పనిని ధార్మిక సంస్థలో చేయవచ్చు. దానికి బదులుగా డబ్బు, గిఫ్ట్ కార్డు లాంటివి మాత్రం తీసుకోకూడదు. సందేహముంటే ఇమ్మిగ్రేషన్ లాయర్‌ను అడిగాకే మొదలుపెట్టండి.

ఒక్క విషయం గట్టిగా చెప్పాలి. సరుకుల కోసం వరసలో నిలబడ్డవాళ్లను ఫోటో తీయకండి. బ్యానర్ పట్టుకుని మనం నవ్వుతుంటే వెనక ఒక తల్లి ముఖం దాచుకోవడం చూశాక ఆ ఫోటోకు అర్థం ఉండదు. ఫోటో కావాలంటే పెట్టెల దగ్గర, పంచే రోజు కాని రోజున తీసుకోండి. వచ్చినవాళ్లను వాళ్ల పరిస్థితి గురించి ఆరా తీయకండి. మంచి కారులో వచ్చారని ఎవరి గురించీ తేల్చేయకండి. ఉద్యోగం పోయిన మర్నాడే కారు మారిపోదు.

మనవాళ్లకే అవసరమైతే

లేఆఫ్ అయిన కుటుంబాలు, ఫీజులు కట్టాక చేతిలో ఏమీ లేని మాస్టర్స్ విద్యార్థులు మన మధ్యే ఉన్నారు. నలుగురికీ తెలిస్తే పరువు పోతుందని ఒంటిపూట తిని సరిపెట్టుకునేవాళ్లూ ఉన్నారు. చాలా యూనివర్సిటీల్లో ఇప్పుడు క్యాంపస్ ప్యాంట్రీలున్నాయి, మిషిగన్ స్టేట్ యూనివర్సిటీలో 1993 నుంచే ఉంది. ఎవరు తీసుకోవచ్చన్నది ఒక్కోచోట ఒక్కోలా ఉంటుంది, చాలావాటిలో స్టూడెంట్ ఐడీ ఉంటే చాలు. ఊళ్లోని ప్యాంట్రీలు మామూలుగా జిప్ కోడ్, ఇంట్లో ఎంతమంది, ఆదాయం సుమారుగా ఎంత అని అడుగుతాయి. ఇమ్మిగ్రేషన్ స్టేటస్ అడగని ప్యాంట్రీలే ఎక్కువ.

మీరు వాలంటీర్‌గా వెళ్తున్న ప్యాంట్రీ వివరాలు, వేళలు, ఏం తీసుకెళ్లాలో తెలుగులో రాసి మీ సంఘం వాట్సాప్ గ్రూపులో పెట్టండి. ఎవరి పేరూ ఎత్తకుండా, ఎవరినీ ఉద్దేశించకుండా పెట్టండి. అవసరమైనవాళ్లు చూసుకుంటారు. ఎవరైనా విడిగా మెసేజ్ పెట్టి అడిగితే, వాళ్లకు ఇబ్బంది లేకపోతే మొదటిసారి తోడు వెళ్లండి. వెళ్లేటప్పుడు అడ్రస్ రుజువుగా ఒక కరెంటు బిల్లు, నాలుగు గట్టి సంచులు తీసుకెళ్లమనండి.